350 షెవీకి ఏ క్యామ్‌షాఫ్ట్ సరిపోతుంది: యాక్సిల్, కంప్రెషన్, ఆ తర్వాతే క్యామ్

మీరు ఇచ్చిన వివరాలు ఇవీ: 1985 షెవర్లే సి10 పికప్, ఫ్యాక్టరీ 350 (క్యూబిక్ అంగుళాల) వి8 ఇంజిన్, అప్పటి 76 సీసీ హెడ్లు (సిలిండర్ల పైమూతలు, వాటిలో మంట రగిలే ఛాంబర్ 76 సీసీ), క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్, 700ఆర్4 ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్, వెనక యాక్సిల్ గేర్ రేషియో 3.08, టైర్లు 235/75ఆర్15. డల్లాస్ చుట్టుపక్కల వారాంతాల్లో తిప్పుతారు, అప్పుడప్పుడు చిన్న ట్రైలర్ లాగుతారు. సిగ్నల్ పడగానే బండి చురుగ్గా కదలాలి, ఐడిల్‌లో ఆ ఊగే శబ్దం కూడా కావాలి. కాంప్ క్యామ్స్ కంపెనీ వాళ్ల ఎక్స్‌ఈ284హెచ్ క్యామ్ (వాల్వ్‌లను తెరిచి మూసే షాఫ్ట్) వేసుకోమని ఎవరో చెప్పారు, వేసుకోవచ్చా అని అడిగారు.

వద్దండి. ఆ క్యామ్ మంచిదే, మీ బండికి మాత్రం పనికిరాదు. ఇప్పుడున్న హెడ్లు, ఇప్పుడున్న యాక్సిల్ అలాగే ఉంచుకునేటట్టయితే ఎక్స్‌ఈ256హెచ్ దాటొద్దు. హెడ్లు మార్చి, యాక్సిల్ 3.42 గానీ 3.73 గానీ చేసుకునేటట్టయితే ఎక్స్‌ఈ262హెచ్ వేసుకోండి. కంపెనీ పేరు మీద పట్టుదలేమీ లేదు, ఇవే కొలతలతో వేరే కంపెనీ క్యామ్ తీసుకున్నా ఒకటే. ఈ సలహా వెనక ఉన్న లెక్క వివరంగా రాస్తున్నాను. అది అర్థమైతే రేపు ఇంకో ఇంజిన్‌కు మీరే ఎంచుకోగలరు.

ముందు ఈ నాలుగు క్యామ్‌ల కొలతలు చూడండి. ఇక్కడ డ్యూరేషన్ అంటే లిఫ్టర్ (క్యామ్ మీది ఉబ్బు, అంటే లోబ్, పైకి నెట్టే ముక్క) 0.050 అంగుళం లేచినప్పటి నుంచి తిరిగి అదే ఎత్తుకు దిగేదాకా క్రాంక్ తిరిగే డిగ్రీలు. మొదటి అంకె ఇన్‌టేక్‌ది, రెండోది ఎగ్జాస్ట్‌ది. లిఫ్ట్ అంటే వాల్వ్ తెరుచుకునే ఎత్తు, 1.5 రాకర్‌తో (లిఫ్టర్ కదలికను 1.5 రెట్లు చేసి వాల్వ్‌ను నొక్కే చేయి), అంగుళాల్లో.

ఎక్స్‌ఈ256హెచ్: 212, 218 డిగ్రీలు, లిఫ్ట్ 0.447, 0.454
ఎక్స్‌ఈ262హెచ్: 218, 224 డిగ్రీలు, లిఫ్ట్ 0.462, 0.469
ఎక్స్‌ఈ268హెచ్: 224, 230 డిగ్రీలు, లిఫ్ట్ 0.477, 0.480
ఎక్స్‌ఈ284హెచ్: 240, 246 డిగ్రీలు, లిఫ్ట్ 0.507, 0.510

నాలుగింటికీ లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల శిఖరాల మధ్య దూరం) 110 డిగ్రీలు, ఇన్‌టేక్ సెంటర్‌లైన్ (పిస్టన్ పైకొస దాటాక ఇన్‌టేక్ పూర్తిగా తెరుచుకునే డిగ్రీ) 106. పేరులో ఉన్న 256, 262 లాంటి అంకెలు లిఫ్టర్ 0.006 అంగుళం లేచినప్పటి నుంచి లెక్కపెట్టిన ఇన్‌టేక్ డ్యూరేషన్. ఒక్కో కంపెనీ ఒక్కో ఎత్తు దగ్గర ఈ పెద్ద అంకెను కొలుస్తుంది కాబట్టి రెండు కంపెనీల క్యామ్‌లను పోల్చేటప్పుడు 0.050 దగ్గరి అంకెనే చూడాలి. ఆ కాలపు మామూలు ఫ్యాక్టరీ 350 క్యామ్ సుమారు 195, 202 డిగ్రీలు, లిఫ్ట్ 0.390, 0.410. అంటే 256 కూడా మీ ఇంజిన్‌కు చిన్న మార్పేమీ కాదు.

కొనేవాళ్లలో ఎక్కువమంది కన్ను లిఫ్ట్ మీద పడుతుంది. ఇంజిన్ స్వభావాన్ని తేల్చేది మాత్రం ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుందన్నది. పిస్టన్ అడుగుకు, అంటే బీడీసీకి చేరి మళ్లీ పైకి ఎక్కడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ కొంతసేపు తెరుచుకునే ఉంటుంది. ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో లోపలికి దూసుకొచ్చే గాలికి వేగం ఉంటుంది, పిస్టన్ పైకి వస్తున్నా అది సిలిండర్‌లోకి చొరబడుతూనే ఉంటుంది. అందుకే ఆలస్యంగా మూసే క్యామ్ పైన బలం ఇస్తుంది. 1500 ఆర్‌పీఎమ్‌లో గాలికి ఆ వేగం ఉండదు. అప్పటికే లోపలికి వచ్చిన మిశ్రమంలో కొంత పిస్టన్ తోపుకు మళ్లీ మ్యానిఫోల్డ్‌లోకి పోతుంది. కింది ఆర్‌పీఎమ్‌లో బండి నీరసంగా ఉండటానికి కారణం ఇదే. దాన్ని కార్బ్యురేటర్ ట్యూనింగ్‌తో సరిచేయలేరు.

లెక్క సులువే. పెద్ద డ్యూరేషన్ అంకెలో సగానికి సెంటర్‌లైన్ కలిపి, 180 తీసేయండి. 262కి: 131కి 106 కలిపితే మొత్తం 237, అందులో 180 పోతే 57. బీడీసీ దాటాక 57 డిగ్రీలకు వాల్వ్ మూసుకుంటుంది. 256కి 54, 268కి 60, 284కి 68.

ఇప్పుడు ఈ అంకెను మీ ఇంజిన్‌కు పెట్టి చూద్దాం. 350కి బోర్ 4.00 అంగుళాలు, స్ట్రోక్ 3.48, కనెక్టింగ్ రాడ్ 5.7. వాల్వ్ మూసుకున్న తర్వాతే పిస్టన్ నిజంగా నొక్కడం మొదలుపెడుతుంది కాబట్టి అక్కడి నుంచి మిగిలిన స్ట్రోక్‌తో లెక్కగట్టిన కంప్రెషన్‌నే డైనమిక్ కంప్రెషన్ అంటారు. మీ ఇంజిన్‌కు స్టాటిక్ కంప్రెషన్ (పూర్తి స్ట్రోక్‌తో లెక్కగట్టినది) 8.2 అనుకుంటే, 256తో డైనమిక్ 7.1 వస్తుంది, 262తో 6.95, 284తో 6.4. ఇనుప హెడ్లతో, పంపులో దొరికే పెట్రోల్‌తో వీధి బండికి 7.5 నుంచి 8 మధ్య ఉంటే హాయిగా నడుస్తుంది. ఫ్యాక్టరీ నుంచే తక్కువ కంప్రెషన్‌తో వచ్చిన ఇంజిన్‌లో 284 వేస్తే ఉన్న కాస్తా పోతుంది. ఐడిల్ శబ్దం అదిరిపోతుంది, యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం బండి 2500 ఆర్‌పీఎమ్ దాకా ఆలోచిస్తూ ఉంటుంది. పైగా పెట్రోల్ తాగుతుంది.

రెండో లెక్క గేర్లది. దీన్ని దాదాపు ఎవరూ వేయరు. ఆర్‌పీఎమ్ కావాలంటే గంటకు మైళ్లను మొత్తం గేర్ రేషియోతో, తర్వాత 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగించాలి. మీ టైరు ఎత్తు సుమారు 28.9 అంగుళాలు. 700ఆర్4లో గేర్లు 3.06, 1.63, 1.00, 0.70. హైవే మీద నాలుగో గేర్‌లో కన్వర్టర్ (ఇంజిన్‌ను ట్రాన్స్‌మిషన్‌తో కలిపే ద్రవ జోడు) లాక్ అయ్యాక, 3.08 యాక్సిల్‌తో 60 మైళ్ల వేగంలో మీ ఇంజిన్ తిరిగేది దాదాపు 1500 ఆర్‌పీఎమ్. 70 మైళ్లలో 1750. కంపెనీ కాగితం ప్రకారం 284 పనిచేసే పరిధి మొదలయ్యేదే 2300 దగ్గర, పైన 6500 దాకా. అంటే డల్లాస్ నుంచి ఆస్టిన్ వెళ్లి వచ్చినా, హైవే మీద నిలకడ వేగంలో ఆ క్యామ్ తన పరిధిలోకి అడుగుపెట్టదు. దానికి తోడు, 700ఆర్4లో ఫ్యాక్టరీ గవర్నర్ (వేగాన్ని బట్టి గేర్ మార్పించే భాగం) 6500 కన్నా చాలా ముందే గేర్ మార్చేస్తుంది. 256 పరిధి 1000 నుంచి 5200, 262ది 1300 నుంచి 5600. మీ బండి బతికేది అక్కడే.

సిగ్నల్ దగ్గర చురుకు గురించి అడిగారు కదా, దానికి అసలు మందు యాక్సిల్‌లో ఉంది. 3.08 తీసి 3.73 పెడితే ఇంజిన్‌ను ముట్టుకోకుండానే చక్రాలకు అందే టార్క్ ప్రతి గేర్‌లో 21 శాతం పెరుగుతుంది. ఈ సైజు క్యామ్‌లలో ఏదీ 2000 ఆర్‌పీఎమ్‌లో అంత ఇవ్వదు. ఓవర్‌డ్రైవ్ (0.70 నాలుగో గేర్) ఉంది కాబట్టి 3.73తో కూడా 70 మైళ్ల వేగంలో ఇంజిన్ తిరిగేది 2125 దగ్గరే, హైవేకి ఇబ్బంది లేదు. ట్రైలర్ లాగేటప్పుడు ట్రాన్స్‌మిషన్ వేడి కూడా తగ్గుతుంది. డబ్బు ఒక్కచోటే పెట్టగలనంటే నేను క్యామ్ కన్నా ముందు గేర్లకే పెట్టమంటాను. యాక్సిల్ మార్చాక స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, దాని గేర్ కూడా మార్పించండి.

హెడ్ల సంగతి. 1980ల నాటి 76 సీసీ హెడ్లు గాలిని బాగా లాగవు. వాటిలో క్యాస్టింగ్ నంబరు (పోతలోనే అచ్చయిన అంకె) చివర 624 ఉన్నదయితే పగుళ్లకు పేరుపడింది, వాల్వ్ పని చేయించే ముందు ప్రెషర్ టెస్ట్ చేయించాలి. 1996 నుంచి పికప్‌లలో వచ్చిన వోర్టెక్ హెడ్లు, 906 లేదా 062 క్యాస్టింగ్, తక్కువ ఖర్చులో దొరికే మంచి దారి. వాటి ఛాంబర్ 64 సీసీ. మీ ఇంజిన్‌లో 76కి బదులు 64 పెడితే స్టాటిక్ కంప్రెషన్ 8.2 నుంచి సుమారు 9.2కి ఎక్కుతుంది. అప్పుడు 262తో డైనమిక్ 7.8 వస్తుంది, సరిగ్గా కావాల్సిన చోట. క్యామ్, హెడ్ ఒకదానికొకటి కుదరడమంటే ఇదే. అదే 262ను పాత హెడ్లతో వేస్తే 6.95 దగ్గర ఆగిపోయింది కదా. టెక్సాస్‌లో 93 ఆక్టేన్ దొరుకుతుంది కాబట్టి 7.8కి భయపడక్కర్లేదు. ఇగ్నిషన్ సరిగా పెడితే అంతకన్నా తక్కువ ఆక్టేన్‌తోనూ నడవవచ్చు, నాక్ వినిపిస్తుందేమో చెవి పెట్టి చూడాలి.

వోర్టెక్ తీసుకుంటే మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ బోల్టులు వేరే రకం, పాత మ్యానిఫోల్డ్ కూర్చోదు, వోర్టెక్ కోసం చేసినదే కొనాలి. రాకర్ కవర్లు మధ్యలో బోల్టు పడేవి, రాకర్లు సెల్ఫ్ అలైనింగ్ రకం కావాలి. అన్నింటికన్నా ముఖ్యం, లిఫ్ట్ పరిమితి. ఫ్యాక్టరీ వోర్టెక్ హెడ్‌లో స్ప్రింగ్ మీద ఉండే రిటైనర్ కిందికి దిగుతూ దిగుతూ వాల్వ్ గైడ్ సీల్‌కు తగిలేస్తుంది. సుమారు 0.470 అంగుళం దాటితే ప్రమాదం. తగిలితే ముందు సీల్ నలిగి పొగ వస్తుంది, తర్వాత రిటైనర్ విరిగి వాల్వ్ సిలిండర్‌లో పడుతుంది. 262లో ఎగ్జాస్ట్ లిఫ్ట్ 0.469, అంటే అంచు మీద ఉంది. కాబట్టి హెడ్ ఎక్కించే ముందే గైడ్ పైభాగం కోయించి, స్ప్రింగ్‌లు మార్పించండి. 268 లిఫ్ట్ 0.480, దానికైతే కోయించకుండా వేసే ప్రశ్నే లేదు. లిఫ్ట్ ఇంకాస్త వస్తుందని 1.6 రాకర్లు వేసేవాళ్లు కూడా ఇది మళ్లీ లెక్కవేసుకోవాలి. 262 ఇన్‌టేక్ 0.462 కాస్తా 1.6తో 0.493 అవుతుంది.

ఇంకో కొలత ఓవర్‌ల్యాప్. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకోవడం వల్ల రెండూ కలిసి తెరిచి ఉండే డిగ్రీలు. మీరు కోరుకునే ఐడిల్ శబ్దం ఇక్కడి నుంచే వస్తుంది, ఐడిల్‌లో వ్యాక్యూమ్ తగ్గేదీ ఇక్కడే. 0.050 దగ్గర చూస్తే 262కి ఓవర్‌ల్యాప్ 1 డిగ్రీ, 268కి 7, 284కి 23. ఇది ఎక్కువైతే పవర్ బ్రేకులకు గండి పడుతుంది. బూస్టర్ నడిచేది మ్యానిఫోల్డ్ వ్యాక్యూమ్ మీదే, మామూలు బూస్టర్‌కు 15, 16 అంగుళాల పాదరసం దగ్గర ఉంటే నిశ్చింత. 262తో ఆ చుట్టుపక్కల నిలుస్తుంది. 284తో నిలవదు. ఐడిల్‌లో, గేర్‌లో ఉన్నప్పుడు బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడిపోతే ట్రైలర్‌తో ఉన్న పికప్‌కు అది చిన్న విషయం కాదు. వ్యాక్యూమ్ రిజర్వాయర్ డబ్బా పెడితే ఒకటి రెండు తొక్కుళ్లకు సాయపడుతుంది గానీ మూలకారణం పోదు. శబ్దం కోసమే అయితే మఫ్లర్లు మార్చుకోండి, 262కి ఐడిల్‌లో చిన్న ఊపు ఎలాగూ ఉంటుంది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 1987 నుంచి 1995 మధ్య పికప్‌ల 350లు వాడేవాళ్లకు ఒక మాట. వాటి కంప్యూటర్ మ్యానిఫోల్డ్ ప్రెషర్ చూసి పెట్రోల్ కొలుస్తుంది, వ్యాక్యూమ్ తగ్గితే ఇంజిన్ బరువు మోస్తోందనుకుని ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. అలాంటివాటికి లోబ్ సెపరేషన్ 112 నుంచి 114 ఉన్న, డ్యూరేషన్ తక్కువ ఉన్న క్యామ్ వేసుకోవాలి, చిప్‌లో ట్యూన్ కూడా మార్పించాలి.

క్యామ్ ఆర్డర్ చేసే ముందు ఇంజిన్ ఆరోగ్యం చూడండి. వేడి ఇంజిన్‌లో ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ గేజ్ పెట్టండి. అన్నింటికన్నా తక్కువ సిలిండర్, అన్నింటికన్నా ఎక్కువ దానిలో 70 శాతమైనా ఉండాలి, ఏదీ 100 పీఎస్‌ఐ కిందకు పోకూడదు. అది కూడా లేకపోతే కొత్త క్యామ్ వేసినా డబ్బు దండగ, ముందు రింగులు, వాల్వ్‌లు చూడాలి.

స్ప్రింగ్‌లు క్యామ్‌తోపాటే కొత్తవి వేయాలి, పాతవి సరిపోవు. ఈ సైజు ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కు వాల్వ్ మూసి ఉన్నప్పుడు సీటు మీద 105 నుంచి 115 పౌండ్లు, పూర్తిగా తెరిచినప్పుడు 300 పౌండ్ల లోపు ఉండే సింగిల్ స్ప్రింగ్ చాలు. బలహీనమైన స్ప్రింగ్‌తో 5000 దాటగానే వాల్వ్ లోబ్‌ను వదిలి తేలుతుంది. మరీ గట్టిది వేస్తే లోబ్ అరిగిపోతుంది, పాత హెడ్లలో నొక్కి దింపిన రాకర్ స్టడ్ మెల్లగా పైకి లేస్తుంది. పూర్తి లిఫ్ట్‌లో స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి తగలడానికి ఇంకా 0.060 అంగుళం మిగలాలి. రిటైనర్‌కు సీల్‌కు మధ్య కనీసం 0.050. పిస్టన్‌కు వాల్వ్‌కు మధ్య ఇన్‌టేక్‌లో 0.080, ఎగ్జాస్ట్‌లో 0.100 ఉండాలి. పిస్టన్ మీద బంకమట్టి పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, తీసి కోసి కొలిస్తే తెలిసిపోతుంది. ఫ్యాక్టరీ పిస్టన్లతో 262కి సాధారణంగా బోలెడంత చోటు ఉంటుంది. హెడ్ గానీ బ్లాక్ గానీ మిల్లింగ్ చేయించి ఉంటే మాత్రం తప్పక కొలవండి.

బిగింపు. పికప్‌లో క్యామ్ ముందుకు లాగాలంటే రేడియేటర్, ఏసీ ఉంటే కండెన్సర్ తీయక తప్పదు. పెట్రోల్ పంపు పుష్‌రాడ్ క్యామ్ మీద కూర్చుని ఉంటుంది, బయటకు తీసేయండి. తిరిగి పెట్టేటప్పుడు చిక్కటి గ్రీజు పూస్తే జారకుండా నిలుస్తుంది. క్యామ్ ముందు మూడు బోల్టు రంధ్రాల్లో పొడవాటి 5/16-18 బోల్టులు బిగించి వాటిని పిడిగా పట్టుకోండి, లేకపోతే లోబ్ అంచు క్యామ్ బేరింగ్‌లను గీసేస్తుంది. టైమింగ్ చైన్ డబుల్ రోలర్, మూడు కీవేలు (క్యామ్‌ను కాస్త ముందుకో వెనక్కో జరుపుకునే గాళ్లు) ఉన్నది తీసుకోండి. క్రాంక్ చుక్క పైకి, క్యామ్ చుక్క కిందికి, ఎదురెదురుగా వచ్చేలా పెడతాం కదా, ఆ స్థితిలో 1వ సిలిండర్ కాదు, 6వ సిలిండర్ ఫైరింగ్‌కు సిద్ధంగా ఉంటుంది. దీన్ని మరిచి డిస్ట్రిబ్యూటర్ రోటర్‌ను 1 వైపు పెట్టడం వల్ల స్టార్ట్ కాని ఇంజిన్లు చాలా ఉన్నాయి. క్రాంక్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పాక 1వ సిలిండర్‌కు పెట్టండి. కొత్త ఫ్లాట్ ట్యాపెట్ ఇంజిన్‌కు ఈ తప్పు ఎందుకు ప్రమాదమో కింద చెబుతాను.

చుక్కలు కలిశాయని వదిలేయకుండా డిగ్రీ వీల్‌తో సరిచూడండి. పిస్టన్ స్టాప్‌తో రెండు వైపుల నుంచీ తాకించి, మధ్య బిందువు తీసుకుని నిజమైన టీడీసీ (పిస్టన్ పైకొస) పెట్టుకోవాలి. 1వ సిలిండర్ ఇన్‌టేక్ లిఫ్టర్ మీద డయల్ గేజ్ పెట్టి, పూర్తి లిఫ్ట్ దగ్గర సున్నా చేయండి. ఎప్పుడూ ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పుతూ, శిఖరానికి 0.050 ముందు చక్రం మీద అంకె రాసుకోండి, దాటాక 0.050 దిగినప్పుడు మళ్లీ రాసుకోండి. ఉదాహరణకు 68, 144 వచ్చాయనుకోండి, కలిపి సగం చేస్తే 106. కార్డులో ఉన్నదీ 106, సరిపోయింది. 110 వస్తే క్యామ్ 4 డిగ్రీలు వెనకబడి ఉంది, వేరే కీవేకి మార్చండి. వెనక్కి తిప్పి అంకె చదివితే చైన్ వదులు లెక్కలో దూరి తప్పు చూపిస్తుంది. మీ బండికి 106 గానీ, 104 గానీ ఉండొచ్చు, 108 దాటనివ్వకండి, కింది బలం పోతుంది.

ఇక లిఫ్టర్లు, మొదటి స్టార్ట్. ఎక్కువ క్యామ్‌లు చచ్చేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి. ఫ్లాట్ ట్యాపెట్ అని పేరే గానీ లిఫ్టర్ అడుగు నిజంగా చదును కాదు, సన్నగా ఉబ్బి ఉంటుంది. లోబ్ కూడా ఒక వైపుకు ఒకటి రెండు వేల వంతుల అంగుళం వాలి ఉంటుంది. ఆ రెండింటి వల్ల లిఫ్టర్ తన చోట గిరగిరా తిరుగుతూ పనిచేస్తుంది. తిరగడం ఆగిన లిఫ్టర్ నిమిషాల్లో లోబ్‌ను తినేస్తుంది. కాబట్టి కొత్త క్యామ్ మీద పాత లిఫ్టర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. కొత్త లిఫ్టర్ తన బోర్‌లో చేత్తో వదిలితే సొంత బరువుతో దిగాలి, వేలితో తిప్పితే హాయిగా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తే బోర్ శుభ్రం చేయించాలి. మాలీ పేస్ట్ (మాలిబ్డినం కలిసిన గ్రీజు లాంటిది) లోబ్‌లకు, లిఫ్టర్ అడుగుకు మాత్రమే పూయండి. పక్కలకు ఆయిల్ చాలు, పేస్ట్ పూస్తే తిరగనివ్వదు. పుష్‌రాడ్‌ల మీద మార్కర్‌తో గీతలు గీసి, ప్లగ్గులు తీసి ఇంజిన్‌ను తిప్పితే పదహారూ తిరుగుతున్నాయో లేదో కంటికి కనిపిస్తుంది. ఒక్కటి తిరగకపోయినా స్టార్ట్ చేయొద్దు.

రాకర్ సర్దుబాటుకు, ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ రాకర్ కదలడం మొదలుపెట్టగానే ఇన్‌టేక్ సర్దాలి. ఇన్‌టేక్ పూర్తిగా తెరిచి, దాదాపు మూసుకోబోతుండగా ఎగ్జాస్ట్ సర్దాలి. పుష్‌రాడ్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ నట్ బిగిస్తే ఆట పోయే క్షణం తెలుస్తుంది, అదే సున్నా. అక్కడి నుంచి అర చుట్టు నుంచి ముప్పావు చుట్టు. పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పుతూ గట్టిపడేదాకా బిగించేవాళ్లు సున్నా దాటి చాలా దూరం పోతారు, లిఫ్టర్ కుంగిపోయి వాల్వ్ పూర్తిగా మూసుకోదు.

స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ తీసి, ప్రైమింగ్ రాడ్‌ను డ్రిల్‌కు పెట్టి ఆయిల్ పంపు తిప్పండి, పుష్‌రాడ్‌ల పైనుంచి పదహారు చోట్లా ఆయిల్ కారేదాకా. కార్బ్యురేటర్ గిన్నె పెట్రోల్‌తో నింపి, రేడియేటర్ నింపి, టైమింగ్ కంటి అంచనాకు సరిగా పెట్టి ఉంచండి. ఇంజిన్ అంటుకోగానే నేరుగా 2000 ఆర్‌పీఎమ్‌కు తీసుకెళ్లి, 2000 నుంచి 2500 మధ్య మారుస్తూ 20 నుంచి 30 నిమిషాలు నడపాలి. కారణం ఏమిటంటే, ఈ ఇంజిన్‌లో లోబ్‌లకు ప్రత్యేకంగా ఆయిల్ దారి లేదు, క్రాంక్ విసిరే తుంపరే ఆధారం. ఐడిల్‌లో ఆ తుంపర చాలదు. స్టార్ట్ కాక పదేపదే సెల్ఫ్ కొడుతుంటే పేస్ట్ అంతా తుడుచుకుపోతుంది. డిస్ట్రిబ్యూటర్ తప్పు దిశలో పెట్టడం ప్రమాదమన్నది ఇందుకే. మధ్యలో నీళ్లు కారినా, మరేదైనా తేడా వచ్చినా ఐడిల్‌లో వదలకండి. ఆపేసి, సరిచేసి, మళ్లీ 2000కే తీసుకెళ్లండి.

ఆయిల్ విషయంలో నేటి కారు ఆయిళ్లు ఈ క్యామ్‌కు చాలవు. 5డబ్ల్యూ30, 10డబ్ల్యూ30 గ్రేడుల్లో ఇప్పటి ప్రమాణం ఫాస్ఫరస్‌ను 0.08 శాతం దాటనివ్వదు, క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం. లోబ్‌ను కాపాడే జింక్ సమ్మేళనం దానితోపాటే తగ్గిపోయింది. మొదటి స్టార్ట్‌కు బ్రేక్ ఇన్ ఆయిల్ పోయండి, తర్వాత కూడా జింక్ 1200 పీపీఎమ్ దగ్గర ఉన్న, పాత ఇంజిన్ల కోసం చేసిన ఆయిల్ వాడండి. అరగంట అయ్యాక ఆయిల్ దించి, ఫిల్టర్ కోసి, కాగితాన్ని విప్పి వెలుతురులో చూడండి. సన్నటి బూడిదరంగు పేస్ట్ కాస్త ఉంటే అది మాలీ. మెరిసే ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుంటే ఏదో లోబ్ పోతోంది, ముందుకు నడపకండి. ఆ రజను బేరింగులకు చేరితే క్యామ్‌తో పోయేది ఇంజిన్ మొత్తం అవుతుంది.

ఈ తలనొప్పి వద్దనుకుంటే రోలర్ క్యామ్ ఉంది. 1987 నుంచి వచ్చిన చాలా బ్లాకుల్లో ఫ్యాక్టరీ రోలర్ లిఫ్టర్లకు చోటు ఉంది, మీ 1985 బ్లాకులో లేదు. జంటలుగా బిగించిన రెట్రోఫిట్ లిఫ్టర్లు, పొట్టి పుష్‌రాడ్‌లు, క్యామ్ ముందుకు జరగకుండా బటన్, క్యామ్ లోహానికి సరిపడే డిస్ట్రిబ్యూటర్ గేర్ అన్నీ కొనాలి. ఖర్చు బాగా పెరుగుతుంది గానీ లోబ్ అరుగుదల భయం, ప్రత్యేక ఆయిల్ బెడద పోతాయి. బండిని పదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే ఆలోచించదగినదే.

క్యామ్ మారాక ఇగ్నిషన్ పాతలా వదిలేయకండి. ఐడిల్‌లో 12 నుంచి 16 డిగ్రీలు, 3000 దగ్గర వ్యాక్యూమ్ లేకుండా మొత్తం 34 నుంచి 36 వచ్చేలా పెట్టండి. క్వాడ్రాజెట్ మంచి కార్బ్యురేటర్, ఉంచుకోండి. హోలీ కంపెనీ కార్బ్యురేటర్‌కు మారితే మాత్రం రెండు జాగ్రత్తలు. పవర్ వాల్వ్ (వ్యాక్యూమ్ తగ్గినప్పుడు అదనపు పెట్రోల్ వదిలేది) అంకె, గేర్‌లో ఐడిల్ వ్యాక్యూమ్‌లో సగం ఉండాలి. 700ఆర్4 టీవీ కేబుల్ (థ్రాటిల్ ఎంత తెరిచారో ట్రాన్స్‌మిషన్‌కు తెలిపే తీగ) కొత్త కార్బ్యురేటర్ లీవర్ మీద సరైన దూరంలో, సరైన కోణంలో లాగాలి, దానికి ప్రత్యేక బ్రాకెట్ దొరుకుతుంది. ఆ కేబుల్ తప్పుగా ఉంటే ట్రాన్స్‌మిషన్‌లో ప్రెషర్ పడిపోయి, క్లచ్‌లు కాలిపోతాయి. దానికి ఒక్క సాయంత్రం డ్రైవ్ చాలు.

టెక్సాస్‌లో ఇంత పాత బండికి ఎమిషన్ పరీక్ష లేదు. రేపు కాలిఫోర్నియాకు మారే ఆలోచన ఉంటే అక్కడ 1976 నుంచి వచ్చిన ఇలాంటి పాత పెట్రోల్ బండ్లు స్మాగ్ (పొగ) పరీక్షకు వెళ్లాలి. మార్చిన క్యామ్‌కు కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఆమోద సంఖ్య ఉండాలి. కొనే ముందే ఆ సంఖ్య ఉన్న క్యామ్ చూసుకోండి.